డాబా మీద చిక్కుడు పాదు

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొనే అరసవల్లి సూర్యనారాయణ స్వామి కోవెల ఉన్నది. ఎండకు ఈ ఊళ్ళో కరువు లేదు. కరువల్లా నేలకే. పాత ఇళ్ళకు వెనుక దొడ్డి, దొడ్లో నుయ్యి, నూతి గట్టున అరటి, దడి మీద ఆనప పాదు ఉండేవి. అన్నదమ్ములు పంచుకున్నారు, వాటాల మీద మేడలు లేచాయి, దొడ్డి పోయింది. పాదు మాత్రం పోలేదు. మెట్లెక్కి డాబా మీదికి చేరింది.

సాయంత్రం పూట అరసవల్లి దారిన నడుస్తూ ఒకసారి తలెత్తి చూడండి. పిట్టగోడల వార నూనె డబ్బాలు, చిల్లిపడ్డ బాల్చీలు, బీటవారిన గోలేలు, సిమెంటు తొట్లు. ఒకదానిలో తోటకూర, ఒకదానిలో వంగ, మరొకదానిలో మిరప. గోనె సంచిలో మట్టి నింపి గోంగూర చల్లేవారూ ఉన్నారు. ఇందులో చిన్న చమత్కారం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పేరుపడ్డ నారపంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో గోగు వంగడాల మీద పరిశోధన జరిగింది. గోగు నార గోనె అవుతుంది, గోగు ఆకు గోంగూర అవుతుంది. తల్లి ఒళ్ళోకి పిల్ల చేరినట్టే గదా!

అయితే ఈ డాబాలకు రాజు చిక్కుడు. కారణం కూర ఒక్కటే కాదు. మాఘ శుద్ధ సప్తమినాడు పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టి సూర్యుడికి నివేదించాలి. సూర్యదేవుడి ఇంటి పక్కన కాపురముంటూ చిక్కుడాకు బజారులో కొనుక్కోవడమంటే ఏ ఇల్లాలికైనా మనసు చివుక్కుమంటుంది.

చిక్కుడుకు తొట్టె అడుగున్నర లోతుకు తగ్గకూడదు. అడుగున నాలుగు చిల్లులు పెట్టి, వాటిమీద పెంకు ముక్కలు పరచి, పైన కాస్త కొబ్బరి పీచు వెయ్యాలి. మట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన గెత్తం ఒక పాలు, కొంచెం ఇసుక కలిపితే నీరు నిలవదు, వేరు కుళ్ళదు. శ్రావణంలో గింజ నాటి తాళ్ళతో పందిరి కట్టాలి. ఆ తరవాత కావలసింది ఓపిక. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేగాని పూయదు. తొందరపడి ఎరువు గుమ్మరిస్తే ఆకులు పెరుగుతాయే గాని పూత రాదు. చలి పట్టాక పూసి, పుష్య మాఘాల్లో విరగ్గాస్తుంది. పండుగకు సరిగ్గా అందుతుందన్నమాట! పేనుబంక కనబడితే వేపనూనె చుక్కలు సబ్బు నీళ్ళలో కలిపి ఆకు అడుగున తగిలేటట్టు చల్లాలి.

ఇక్కడ పూత కన్న ముందు గాలివాన వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని కొట్టాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూకటివేళ్ళతో లేచిపోయాయి. కొబ్బరి మళ్ళీ నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ నష్టం ముందు డాబా మీది తొట్టె ఏపాటిది? ఏపాటిదీ కాదు. కాని తుఫాను కబురు అందగానే వంగ, మిరప డబ్బాలను లోపలికి లాగవచ్చు. చిక్కుడు పందిరి ఎగిరిపోయినా మొదలు నిలిస్తే మళ్ళీ చిగురిస్తుంది. దారులు తెగి బజారుకు కూర రాని రోజుల్లో విత్తిన తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది.

ఇంకొక సుఖం కూడా ఉన్నది. అద్దె ఇల్లు మారినప్పుడు దొడ్డి వెంట రాదు. తొట్టె మాత్రం సామాన్ల బండి ఎక్కి కూర్చుంటుంది. కొత్త ఇంట్లో దానికి తూర్పు ఎండ తగిలే మూల ఒకటి వెతికిపెడితే చాలు.