తాళం బొమ్మ ఉంది, తాళంచెవి మా దగ్గర లేదు

2022 దసరా బేరాల్లో తలమునకలుగా ఉండగా హైదరాబాద్ నుంచి పాత కస్టమరు ఒకావిడ ఫోన్ చేశారు. “ఏమండీ, గూగుల్లో మీ కొట్టు పేరు వెతికి నొక్కితే పేకాట ఏదో వస్తోంది. చీరలు మానేశారా?” అని నవ్వుతూనే అడిగారు. షాపులో కంప్యూటర్ మీద సైటు తెరిచి చూశాను. మంగళగిరి నిజాం అంచు చీరలు, డ్రెస్ మెటీరియల్, ధరలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అడ్రసు పక్కన తాళం బొమ్మ కూడా ఉంది.

సాయంత్రానికి ఇంకొందరు అదే మాట అన్నారు. మా చెల్లెలి కొడుకు తన ఫోన్లో చేసి చూపించాడు. అడ్రసు నేరుగా కొడితే చీరలే. గూగుల్లో వచ్చిన లింకు మీద నొక్కితే మాత్రం జూదం పేజీ. “మనకి కనపడకూడదనే ఇలా పెట్టారు మావయ్యా” అన్నాడు. సైటుకు వచ్చినవాళ్లు ఎటునుంచి వచ్చారో ఆ దొంగ కోడ్ ముందు చూసుకుంటుందట. లాగిన్ అయి ఉన్న యజమాని జోలికి రాదు. వెతుక్కుంటూ ఫోన్లో వచ్చినవాళ్లనే పక్కకు మళ్లిస్తుంది. ఎన్నాళ్లుగా జరుగుతోందో మాలో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత క్రోమ్‌లో ఎర్ర తెర పడింది, ఈ సైటు ప్రమాదకరమని. ఆర్డర్లు ఆగిపోయాయి. పండగకని నేయించిన సరుకు బీరువాల్లో ఉంది. నేత మజూరీలు ఇవ్వాలి.

సైటు కట్టిన కుర్రాడి ఫోన్ స్విచాఫ్. హోస్టింగ్ కంపెనీకి చేస్తే, “అకౌంటులో ఉన్న ఈమెయిల్ నుంచే రాయాలండీ” అన్నారు. ఆ ఈమెయిల్ ఆ కుర్రాడిది. డొమైన్ కొన్నదీ అతని పేరు మీదే. జీఎస్టీ సర్టిఫికెట్, అతనికి యూపీఐలో కట్టిన డబ్బు తాలూకు స్క్రీన్‌షాట్లు అన్నీ పంపాను. తమ రికార్డులో ఎవరి పేరుంటే డొమైన్ వాళ్లదేనని జవాబు వచ్చింది. పేరు మా తాత పెట్టిన కొట్టుది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

చివరికి అతని నాన్నగారి ద్వారా పట్టుకున్నాం. పుణెలో ఉద్యోగంలో చేరాడట. “సారీ అంకుల్, పాత నంబరు తీసేశాను” అని, వెంటనే డొమైన్, హోస్టింగ్ రెండూ మా అకౌంటుకు మార్చాడు.

విజయవాడ నుంచి సర్వర్ల పని తెలిసినాయన్ని పిలిపించాం. వర్డ్‌ప్రెస్‌లో ఎవరో తెలియని అడ్మిన్ ఉన్నాడు. చీరల ఫొటోలు ఉండే ఫోల్డర్లో, ఫొటోల మధ్య పీహెచ్‌పీ ఫైళ్లు. “ఫొటోల దగ్గర ప్రోగ్రాములకేం పని?” అన్నాడాయన. డబ్బిచ్చి కొనాల్సిన థీమ్‌ను ఎక్కడి నుంచో ఉచితంగా దించి వేశారు. దొంగదారి దాంతోపాటే వచ్చింది. బ్యాకప్ ఉంది గానీ అదే సర్వర్లో ఉంది, అందులోనూ ఆ ఫైళ్లే. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మాతోపాటు ఇంకెవరో ఓనరుగా నమోదై ఉన్నారు. పేరు తీసేస్తే చాలదట, ఓనరని రుజువుకు వాళ్లు సర్వర్లో పెట్టుకున్న ఫైలు కూడా తీసేయాలి, లేకపోతే మళ్లీ వచ్చి కూర్చుంటారు.

“మరి తాళం బొమ్మ ఉందిగా?” అనడిగాను. “కస్టమరు ఫోన్నుంచి సర్వర్ దాకా మధ్యలో ఎవరూ చదవకుండా చూడటం వరకే దాని పని. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 90 రోజుల గడువుతో ఉచితంగానే ఇస్తారు. ఆ జూదం సైటుకీ ఉంది, చూడండి” అన్నాడు. చూశాను. ఉంది.

వర్డ్‌ప్రెస్ మళ్లీ మొదట్నుంచి వేశాం. ఫొటోలు, ధరల పట్టిక ఒక్కొక్కటీ చూసి తెచ్చుకున్నాం. డేటాబేస్‌తో సహా పాస్‌వర్డులన్నీ మార్చి, లాగిన్‌కు ఓటీపీ పెట్టాం. బ్యాకప్ ఇప్పుడు సర్వర్ బయటికి వెళ్తుంది. అన్నీ అయ్యాక గూగుల్‌కు మళ్లీ పరిశీలించమని రాశాం. ఎర్ర తెర తొలగేసరికి దసరా వెళ్లిపోయింది.

కార్డు నంబర్లు మా దగ్గర లేవు. చెల్లింపు గేట్‌వే పేజీలోనే జరుగుతుంది. పైగా వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఆ అక్టోబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం సైటులోనే ఉన్నాయి. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. ఇలాంటివి బయటపడిన 6 గంటల్లో సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయని అప్పుడే విన్నాం, వాళ్లకూ రాశాం.

కస్టమర్లకు ఏం చెప్పాలన్నదే అన్నిటికంటే కష్టమైంది. సర్వర్ లాగులు కొద్ది రోజులవే మిగిలాయి. ఎవరి వివరాలు బయటికి వెళ్లాయో చెప్పలేకపోతున్నామని, మా పేరుతో ఎవరు ఫోన్ చేసినా ఓటీపీ చెప్పొద్దని అందరికీ వాట్సాప్‌లో పంపాను. కొందరు ధైర్యం చెప్పారు. కొందరు బ్లాక్ చేశారు. హైదరాబాద్ ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే కొంటారు, సైటులో కాదు, ఫోన్ చేసి.