కిటికీ అద్దం కరెంటు ఇస్తే

స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో, ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయ సమావేశ భవనం పడమటి గోడకి రంగుటద్దాలు నిలబెట్టారు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ ఛాయలు. చూస్తే అలంకారమనే అనిపిస్తుంది, కానీ అవి కరెంటు తయారుచేయడానికే పెట్టినవి. 2014లో తెరిచిన ఆ భవనానికి సుమారు 300 చదరపు మీటర్ల మేర ఈ అద్దాలున్నాయి. లోపలున్నది అక్కడి ప్రొఫెసర్ మైఖేల్ గ్రాట్జెల్ 1991లో లోకానికి చూపించిన రకం సెల్: రంగు పదార్థం వెలుగును పట్టుకుని ఎలక్ట్రాన్‌ను వదులుతుంది, టైటానియం డయాక్సైడ్ దాన్ని అందుకుంటుంది.

ఎంత ముచ్చటైన పని! మరి హైదరాబాద్‌లో ఆఫీసు కట్టేవాళ్లు ఏం చూసుకోవాలి?

అద్దం లోపలికి వెలుగు ఎక్కువ వదిలేకొద్దీ కరెంటు తగ్గుతుంది. పైగా మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు; దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ దాదాపు తగలదు. ఆ కాలంలో తూర్పు, పడమర గోడలే నయం. అందుకే ముందు డాబా మీద ప్యానెళ్లు పెట్టాలి, తర్వాతే కిటికీలు.

అయితే లెక్క కరెంటు దగ్గరే ఆగకూడదు. వేడిని ఆపే అద్దమైతే ఏసీ బిల్లులో మిగిలేదీ కలపాలి. అమ్మేవాళ్లను ఏ దిక్కు గోడకి ఏటా ఎన్ని యూనిట్లొస్తాయో రాతపూర్వకంగా అడగాలి.