కనిపించే తుప్పు, కనిపించని బేరింగు

కోవెంట్రీ శివార్లలో రేకుల షెడ్ల వరుస ఒకటి ఉంది. చివరి షెడ్డు ఓ తండ్రీ కూతుళ్లది. తండ్రి ఇంజన్ల పని చూస్తారు. వెల్డింగు, టింకరింగు కూతురివి. టాపు మడిచి వెనక్కి వేసుకునే రెండు సీట్ల కార్లు తప్ప వేరేవి ముట్టుకోరు. నేను వెళ్లిన రోజు రెండు లిఫ్టుల మీద రెండు కార్లున్నాయి. ఒకటి 2003 నాటి పోర్షే బాక్‌స్టర్, రెండోది 2004 నాటి మాజ్డా ఎంఎక్స్-5. రెండూ అమ్మకానివే. పోర్షే ధర ఎక్కువే అయినా నా చేతికి అందనిదేం కాదు.

నాకు కావలసింది ఆదివారాలకు దాచుకునే కారు కాదు. చలికాలం పొద్దున్నే అద్దం మీది మంచు గీకి, ఉప్పు చల్లిన ఏ46 రోడ్డెక్కి, వార్విక్‌లో ఆఫీసుకెళ్లి సాయంత్రం వానలో తిరిగి రావాల్సిన కారు. మిగతా రోజుల్లో, అంటే ఇంగ్లండులో ఎండ కాసే ఆ కొద్ది నెలల్లో, టాపు తీసి ఊరి దారుల్లో ఇంటికి రావాలి. తోడొచ్చిన మా బావమరిది ఓటు ముందే వేసేశాడు. "పోర్షే అంటే పోర్షేనే బావా. ఇంక ఆలోచనేముంది?"

పెద్దాయన తాళాలు చేతికిచ్చి ముందు నడిపి రమ్మన్నారు.

బాక్‌స్టర్ నడిపినవాడు మా బావమరిదిని తప్పుపట్టలేడు. ఇంజను సీట్ల వెనకే ఉంటుంది, ఆరు సిలిండర్లూ అటు మూడు ఇటు మూడుగా పడుకుని. 2.7 లీటర్లు, సుమారు 225 హార్స్ పవర్. యాక్సిలరేటర్ నొక్కితే ఆ మోత చెవికి కాదు, వీపుకి తగులుతుంది. బరువంతా నడుమ ఉండటంతో మలుపులో కారు ఎటూ ఒరగదు, తడబడదు. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. వారం సరుకులు హాయిగా పడతాయి. రోజువారీ వాడకానికి ఇదెంత సుఖమో పోర్షే బొమ్మ చూసి ముచ్చటపడేవాళ్లకు తట్టదు. టాపు బటన్‌తో కదులుతుంది. ఈ కారు లేకపోతే ఆ సంస్థ ఏమయ్యేదో అనిపిస్తుంది. 1990ల మొదట్లో అమ్మకాలు పడిపోయి పోర్షే పీకల్లోతు కష్టాల్లో ఉంది. 1993లో డెట్రాయిట్ ప్రదర్శనలో దీని నమూనా చూపించారు, 1996లో బజారుకు తెచ్చారు. గిరాకీకి జర్మనీ ఫ్యాక్టరీ చాలక ఫిన్లాండులోని వాల్మెట్ సంస్థ చేత కూడా తయారు చేయించారు.

మాజ్డాలో కూర్చుంటే మరో లోకం. 1.8 లీటర్ల ఇంజను ముందే ఉంటుంది, పవరు 140 పైచిలుకు. కారు బరువు మాత్రం సుమారు 1,050 కిలోలే. అంటే బాక్‌స్టర్ కంటే రెండు క్వింటాళ్లు తక్కువ. గేరు రాడ్డు మణికట్టు తిప్పితే పడిపోతుంది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు రెండు కొక్కేలు ఊడదీసి, సీట్లోంచి లేవకుండానే టాపు వెనక్కి తోసేశాను. మోటారు లేదు, కాబట్టి మోటారు చెడిపోవడమూ లేదు. 40 మైళ్ల వేగంతోనే మలుపు తిరుగుతున్న సంగతి వేళ్లకు తెలుస్తుంది. బాక్‌స్టర్‌లో అదే తృప్తి కావాలంటే ఏ వేగంలో వెళ్లాలో, ఆ వేగానికి ఇక్కడి రోడ్ల మీద లైసెన్సు నిలవదు. రోజూ నడిపే కారుకు ఇది చిన్న విషయం కాదని నా గట్టి నమ్మకం. అరుదుగా వాడుకునే శక్తికి ప్రతి నెలా ఖర్చు పెడుతుండాలి.

ఈ కారు పుట్టుకలో కోవెంట్రీ వాటా కూడా ఉంది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ విలేఖరి, మాజ్డా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోతోను కలిసి, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల లాంటి చవకైన, తేలికైన కారు మళ్లీ ఎవరైనా చేయాలని అడిగాడు. తర్వాత యమమోతో స్వయంగా ఓ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ నడిపి చూసి, అందులోని ఆనందం తెలుసుకున్నారని చెబుతారు. ఆ స్పిట్‌ఫైర్‌ను తయారుచేసింది ఈ ఊళ్లోని కాన్లీ ఫ్యాక్టరీలోనే. 1989లో షికాగో ప్రదర్శనలో వచ్చిన మాజ్డా, 2016 నాటికి పది లక్షలు దాటింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడైనది మరొకటి లేదు.

తిరిగొచ్చాక అసలు పని మొదలైంది. కార్లు లిఫ్టుల మీదికి లేచాయి.

ముందు మాజ్డా. కూతురు నీళ్ల జగ్గు తెచ్చి, టాపు వెనక మడత పడే మూలలో, సీటు బెల్టు స్తంభం పక్కనున్న చిన్న కంతలో పోసింది. టాపు మీద పడ్డ వాన దిగిపోవడానికి పెట్టిన దారి అది. కుడివైపు నీళ్లు గొట్టంలోంచి దిగి వెనక చక్రం ముందు ధారగా పడ్డాయి. ఎడమవైపు పోస్తే మాత్రం చుక్కైనా కిందికి రాలేదు. కంతలో నీళ్లు నిండి, నెమ్మదిగా లోపలి కార్పెట్ వైపు జారాయి. సన్నటి వైరు దూర్చి కదిపితే నల్లటి బురద, కుళ్లిన ఆకులు వచ్చాయి. చెట్ల కింద పార్కు చేసే కారన్నమాట. "ఈ నీళ్లన్నీ ఇన్నేళ్లూ ఎక్కడికి పోయాయో ఇప్పుడు చూద్దాం" అంది ఆమె.

తలుపు కింది సిల్‌ను స్క్రూడ్రైవర్ పిడితో ముందు నుంచి వెనక్కి తడుతూ వచ్చింది. టంగ్, టంగ్, టంగ్. వెనక చక్రానికి జానెడు ముందు ఆ శబ్దం ఆగిపోయి దబ్ దబ్ అంది. అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. పైన రంగు శుభ్రంగా వేశారు, చేత్తో తడిమితే తేడా తెలియదు. అయస్కాంతం పెడితే నిలవకుండా జారిపోయింది. మొన తగిలిస్తే లప్పం పెచ్చు లేచి, కింద గోధుమరంగు పొర అప్పడంలా విరిగింది.

బావమరిది నా వైపు చూశాడు, ఇంక కథ ముగిసిందన్నట్టు. ఆమె మాత్రం ఆగలేదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు. ఏ కారు నంబరు కొట్టినా దాని పాత ఫలితాలు ఫోనులో ఉచితంగా కనిపిస్తాయి. కారు కొనేవాడికి ఇంతకు మించిన ఆస్తి లేదు. రెండేళ్ల కింద ఎడమ సిల్ దగ్గర తుప్పు మొదలైందని పరీక్షకుడు రాసిపెట్టాడు. కుడివైపు ఊసు లేదు. సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకు తినేసి ఉంటే కారు పరీక్ష తప్పుతుంది, లప్పం పెడితే ఒప్పుకోరు, కొత్త రేకు కోసి చుట్టూ వెల్డింగు చేయాల్సిందే. ఆమె టార్చి వేసి లోపలి రేకును, బెల్టు బిగించిన చోటును, సస్పెన్షన్ చేతులను ఒక్కొక్కటే చూపించింది. అవన్నీ గట్టిగానే ఉన్నాయి. పోయింది పైరేకు, అదీ అరచేతి వెడల్పు మేర.

తర్వాత బాక్‌స్టర్. కింద ఎక్కడా తుప్పు లేదు. ముందు రేడియేటర్ల సందుల్లో ఇరుక్కున్న ఆకులు తప్ప వంక పెట్టడానికేం దొరకలేదు. పెద్దాయన లావుపాటి ఫైలు తెరిచారు. సర్వీసులన్నీ వేళకు జరిగాయి. గేర్‌బాక్స్ దింపి క్లచ్ మార్చిన బిల్లు కూడా ఉంది. దాన్ని ఆయన రెండుసార్లు చదివారు. వెతికిన 'బేరింగు' అన్న మాట అందులో దొరకలేదు.

ఈ తరం పోర్షే ఇంజన్లలో క్రాంక్ నుంచి కామ్ షాఫ్టులకు కదలికను అందించే మధ్య షాఫ్టు ఒకటుంటుంది. దాని ఒక కొస, క్లచ్ వైపు, సీలు వేసిన బాల్ బేరింగు మీద తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీలు వదులై లోపలి గ్రీజు కరిగిపోతుంది, గోళీలు అరుగుతాయి. బేరింగు విరిగిన రోజు వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను మొత్తం పోతుంది. 2001 నుంచి 2005 దాకా వచ్చిన మోడళ్ల యజమానులు అమెరికాలో దీనిమీద కోర్టుకెళ్లారు. చివరికి రాజీ కుదిరింది. పాడయ్యేవి మొత్తం మీద కొద్ది కార్లే. నెలల తరబడి నిలిపి ఉంచిన కార్ల కంటే రోజూ తిరుగుతూ తరచూ ఆయిలు మార్చుకునేవే మేలని ఈ పని చేసేవాళ్లు అంటారు. బేరింగు మార్చుకోవాలంటే క్లచ్ విప్పినప్పుడే అదను. ఈ కారుకు ఆ అదను వచ్చి పోయింది.

పెద్దాయన ఆయిల్ ఫిల్టర్ తీసి, కాగితం మడతలు కత్తితో కోసి బల్ల మీద పరిచారు. తళుక్కుమనే ముక్క ఏదీ లేదు, సీలు తాలూకు నల్ల ప్లాస్టిక్ నలుసూ లేదు. "ఇవాళ బాగుంది. ఇంతకుమించి నేను చెప్పలేను" అన్నారు. అమ్మే మనిషి నోట ఆ మాట విని నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

"అంత శుభ్రంగా ఉంటే ఇంకేం బావా!" అన్నాడు బావమరిది.

బేరింగు కోసం గేర్‌బాక్స్ మళ్లీ దింపితే ఎంతవుతుందని అడిగాను. ఆయన చెప్పిన అంకె మాజ్డా వెల్డింగు ఖర్చు కంటే చాలా ఎక్కువ. దానికి తోడు ప్రతి సర్వీసుకూ ఎనిమిది లీటర్లు దాటే ఆయిలు, అక్కడ నాలుగైతే చాలు. పోర్షేకు ముందు టైర్ల సైజు వేరు, వెనకవి వేరు, అటూ ఇటూ మార్చి అరుగుదల సరిచేసుకునే వీల్లేదు. మాజ్డాకు నాలుగూ ఒకటే. దాని టైమింగ్ బెల్టు 60 వేల మైళ్లకోసారి మార్చాలి, అది ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన ఖర్చు.

నాకు తేలిపోయింది. వారానికోసారి తీసే కారైతే ఆ ఫైలు, ఆ శుభ్రమైన ఫిల్టర్ చూసి పోర్షేనే తీసుకునేవాణ్ణి. రోజూ ఉద్యోగానికి మోయాల్సిన కారు జబ్బు పైకి కనిపించాలి. తడితే తెలియాలి, పరీక్షలో పట్టుబడాలి, బాగుచేయడానికి నెల గడువివ్వాలి. మాజ్డా తుప్పు అలాంటిది. పోర్షే బేరింగు ఏ బుధవారం పొద్దున్నో ఏ46 మధ్యలో ఏ కబురూ లేకుండా ఇంజనుతో సహా పోగలదు. సౌకర్యంలో, మోతలో, డిక్కీలో పోర్షేదే పైచేయి అని ఒప్పుకుంటూనే మాజ్డా వైపు వెళ్లాను. బావమరిదికి నచ్చలేదు. "నీ డబ్బు, నీ ఇష్టం" అని టీ కోసం బయటికెళ్లాడు.

బేరం త్వరగానే కుదిరింది. వెల్డింగు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, ధరలో ఒక్క పౌను తగ్గించరు. పని ఏ వరుసలో చేయాలో మాత్రం కూతురు పట్టుబట్టింది. ముందు రెండు కంతలూ, గొట్టాలూ శుభ్రం చేసి నీళ్లు ధారగా దిగేదాకా చూడాలి. తర్వాత కార్పెట్లు తీసి ఆరబెట్టాలి. తడి రేకు మీద వెల్డింగు చేస్తే ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. కొత్త రేకు అతికాక సిల్ లోపలికి గొట్టంతో మైనం కొట్టాలి, ఎడమవైపే కాదు, బాగున్న కుడివైపు కూడా. ఆకులు రాలడం అయిపోగానే ఏటా జగ్గెడు నీళ్లు పోసి చూసుకోమని, ఆ వైరు ముక్కను కారు డాష్‌బోర్డు అరలో పెట్టింది.