ఒకరి స్థానములో మరియొకరు

క్రిందటి చలికాలమున నేను హైదరాబాదు పాత పట్టణమునకు వెళ్లి, గౌలిపురాలో కాపురమున్న నా మేనకోడలి యింట వారము దినములుంటిని. నేను నల్లగొండ ప్రాంతపు పల్లెలలో ముప్పది యేండ్లు ఉపదేశిగా పని చేసి విశ్రాంతి తీసికొన్నవాడను. ఆ వారములో ఆమె నన్నొక ప్రశ్న అడిగినది. అటువంటి ప్రశ్న నా ముప్పది యేండ్ల పనిలో ఎవరును అడిగియుండలేదు. దుఃఖము చూడని యిల్లు మన పల్లెలలో లేదు గనుక, ఆ సంగతి మీకును ఉపయోగపడునని తలంచి వ్రాయుచున్నాను.

ఆమె పెద్దకుమారుడు ఆరవ యేట డెంగీ జ్వరముతో చనిపోయెను. అప్పటికి మూడేండ్లు గడచినవి. ఆ పిమ్మట ఒక ఆడుబిడ్డ పుట్టినది. నేను వెళ్లినప్పుడు ఆ పసిదానికి రెండేండ్లు. గడపలో అడుగు పెట్టగానే నాకొక సంగతి కనబడెను. ఆ పాప ఒంటిమీద ఉన్నది అన్న చొక్కా. ఇంటిలో అందరును దానిని పిలుచునది అన్న ముద్దుపేరు. ‘చిన్నా’ యనగానే ఆ పసిది నవ్వుచు పరుగెత్తి వచ్చుచుండెను. నా మేనకోడలు మాత్రము దాని ముఖములో ఏదో వెదకి, దొరకనట్లు చూపు తిప్పుకొనుచుండెను. కొడుకు పోయిన నాటినుండి ఆమె దేవాలయమునకు పోవుట మానినది. నాతోను ముక్తసరిగానే మాటలాడుచుండెను. కారణము నేను అప్పుడెరుగను.

ఒకనాడు అందరము కలిసి బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుశాలకు పోయితిమి. మీరాలం చెరువు ప్రక్కన 1963లో తెరచిన ఆ జంతుశాలను మీలో కొందరు చూచియే యుందురు. పొరుగింటి ముస్లిం సోదరి కూడ తన కవల కుమారులను వెంటబెట్టుకొని వచ్చినది. ఆ పిల్లలకు ఏడేండ్లు. ఒకే ముఖము, ఒకే కన్నులు, ఒకే నడక. నేను ఒకని పేరుతో రెండవవానిని పిలిచితిని. వాడు మూతి ముడిచి, ‘నేను వాణ్ణి కాదు తాతా, నేను నేనే’ అని చెప్పి పోయెను. ఏనుగు దగ్గరకు పోదమని ఒకడు లాగుచుండగా రెండవవాడు భయపడి తల్లి చాటున దాగెను. చీకటిలో నడచి వచ్చినను అడుగుల చప్పుడును బట్టి ఎవరు ఎవరో తాను చెప్పగలనని ఆ తల్లి నవ్వినది.

పిల్లలు జంతువులను చూచుచుండగా నా మేనకోడలు చెట్టు క్రింద నా ప్రక్కన కూర్చుండి మెల్లగా అడిగెను. ‘మామా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. సచ్చిపోయిన కుక్కను దాని కణంతోని మళ్ల పుట్టిస్తున్నరట. ఫోన్ల జూసిన. మనుషులను గూడ చేస్తరట. మా పిల్లగాని పాలపన్ను నా దగ్గర దాసి పెట్టుకున్న. ఎన్ని పైసలైనా అప్పు తెచ్చి కడ్త. వాడు నాకు మళ్ల వస్తడా?’

నా నోట మాట రాలేదు. ‘తెలుసుకొని చెప్త బిడ్డా’ అని మాత్రము అంటిని.

ఆదివారము దివ్యపూజ ముగిసిన పిమ్మట విచారణ గురువులను కలిసి ఈ సంగతి అడిగితిని. వారు ఓపికతో వివరించి, చదువుటకు కొన్ని పుస్తకములిచ్చిరి. నాకు అర్థమైనంతవరకు మీకు చెప్పుదును.

నకలు పుట్టించుట అనునది మన రైతులకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. బంగినపల్లి మామిడికి అంటు కట్టినప్పుడు ఆ చెట్టుకు నకలునే మనము చేయుచున్నాము. టెంకను నాటిన ఎట్టి చెట్టు వచ్చునో తెలియదు. అంటు కట్టిన తల్లిచెట్టు కాయయే కాయును. జంతువులలో ఈ పని మిక్కిలి కష్టము. ఒక అండమును తీసికొని, అందలి కేంద్రకమును తీసివేయుదురు. నకలు కావలసిన ప్రాణి శరీరమునుండి ఒక కణమును తెచ్చి, దాని కేంద్రకమును ఆ అండములో నుంచుదురు. అది పెరుగ నారంభించిన పిమ్మట ఒక ఆడుజంతువు గర్భములో పెట్టుదురు. ఈ విధముగా స్కాట్లండులో 1996 జూలై 5న డాలీ యను గొఱ్ఱెపిల్ల పుట్టెను. ఆ ఒక్క పిల్ల కొరకు 277 అండములతో ప్రయత్నము చేసిరి. అది 2003లో చనిపోయెను. 2018లో చీనా దేశమువారు ఇట్లే రెండు కోతిపిల్లలను పుట్టించితిమని ప్రకటించిరి. మనుష్యుని పుట్టించితిమని 2002లో కొందరు చాటిరి గాని రుజువు చూపలేదు. నేటివరకు అట్టి రుజువు ఒక్కటియు లేదు. మన దేశములో 2017 నాటి మార్గదర్శక సూత్రములు మనుష్యులకు నకళ్లు పుట్టించుటను నిషేధించుచున్నవి.

మేము కూర్చున్న జంతుశాలకు దగ్గరలోనే, అత్తాపూరులో, సీసీఎంబీ అను కేంద్ర పరిశోధన సంస్థవారి ప్రయోగశాల ఒకటి కలదు. నశించిపోవుచున్న జంతువులను కాపాడుట దాని పని. అక్కడివారి కృషివలన కృత్రిమ గర్భధారణచేత 2006లో ఒక చుక్కల జింకపిల్ల పుట్టెను. మూషిక జింక యను చిన్న జంతువును ఈ జంతుశాలలోనే పెంచి అమ్రాబాదు అడవిలో విడిచిరి. మన దేశములో చీతాలు లేకుండ పోయినవని 1952లో ప్రకటించిరి గదా. ఇరాను దేశపు చీతా కణముతో నకలు పుట్టింపవలెనని ఈ శాస్త్రజ్ఞులు కొన్నేండ్లు ఆలోచించిరి గాని, ఇరానువారు జంతువును గాని కణమును గాని ఇయ్యలేదు. తుదకు 2022లో ఆఫ్రికానుండి ప్రాణముతో ఉన్న చీతాలనే తెచ్చి మధ్యప్రదేశములోని కూనో అడవిలో విడిచిరి.

శ్రీసభ శాస్త్రమునకు విరోధి యని ఎవరును తలంపరాదు. సృష్టిలోని మూగజీవులను కాపాడుట సర్వేశ్వరుడు మనుష్యునికి అప్పగించిన పనియే. మామిడికి అంటు కట్టువానిని ఏ గురువును మందలింపడు. అయినను మనుష్యుని సంగతి వచ్చినప్పుడు మాత్రము శ్రీసభ కాదనుచున్నది. డాలీ పుట్టుటకు తొమ్మిదేండ్ల ముందే, 1987లో, రోమాపురిలోని విశ్వాససిద్ధాంత సభవారు ఒక ఉపదేశపత్రికలో ఈ పనిని నిషేధించిరి. 2008లో మరియొక పత్రికలో దానిని ఇంకను విశదముగా చెప్పిరి. కారణములు నాకు తెలిసిన మాటలలో ఇవి.

మొదటిది, బిడ్డ వరము గాని సరకు కాదు. లాడ్ బజారులో గాజులు చేయువాడు కొలత తీసికొని చేయును. వంకర వచ్చిన గాజును కరిగించి మరల పోయును. గాజు వానిది గనుక వానికి ఆ అధికారము కలదు. బిడ్డ మన సొత్తు కాదు. భార్యాభర్తల ప్రేమలో, సర్వేశ్వరుని చేతినుండి, మనము కోరిన కొలత లేకుండ వచ్చును. సంతానము లేక కన్నీరు కార్చు దంపతుల బాధ శ్రీసభ ఎరుగును. ఆ కన్నీటిని ఎవరును తేలికగా చూడరాదు. అయినను బిడ్డను కోరుట వేరు, కోరిన ముఖముతో బిడ్డను చేయించుకొనుట వేరు.

రెండవది, ఒక్కరు పుట్టుటకు ఎందరు నశింపవలెను? గొఱ్ఱెల విషయమున 277 అనునది లెక్క మాత్రమే. మనుష్యుల విషయమున, తల్లి గర్భములో మొదటి క్షణమునుండి పెరుగుచున్నది మనవంటి ప్రాణమే. ఆ ప్రాణమును పుట్టించి, మందుల కొరకు చంపుట మరింత ఘోరమని శ్రీసభ చెప్పుచున్నది. రోగులను బాగుచేయుట మంచి పనియే. పెద్దవారి శరీరమునుండియు, పురుడైనప్పుడు బొడ్డుత్రాడు నెత్తురునుండియు ఎవరికిని హాని లేకుండ తీసిన కణములతో వైద్యము చేయుటను శ్రీసభ తప్పనలేదు.

మూడవది నా మనస్సులో గ్రుచ్చుకొన్నది. నకలుగా పుట్టిన బిడ్డ తన బ్రతుకు తాను బ్రతుకలేదు. వాడు మరియొకని వలె నవ్వవలెను, మరియొకని వలె నడువవలెను. 2008 నాటి పత్రిక దీనిని ఒక విధమైన బానిసత్వమని చెప్పినది. ఇది చదువునప్పుడు నాకు అన్న చొక్కా తొడుగుకొన్న ఆ రెండేండ్ల పసిది కన్నుల యెదుట నిలిచెను.

ఆ రాత్రి అందరును పండుకొన్న పిమ్మట నా మేనకోడలిని పిలిచి చెప్పితిని. ‘బిడ్డా, వాడు మళ్ల రాడు. ఒకవేళ ఎవరన్న చేసినా, ముఖం వాడిదే ఉంటది గాని మనిషి వేరే ఉంటడు. పక్కింటి కవలలను జూసినవు గద. ఒక్కటే రక్తం, ఒక్కటే ముఖం, ఆత్మలు రెండు. నీకు కావల్సింది వాడు. వాని ముఖం కాదు.’

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత అనెను. ‘మరి ఆనాడు సమాధి దగ్గర నువ్వే అంటివి గద మామా, దేవుడు ఇంకో బిడ్డనిస్తడు, ఏడ్వకు అని. వాని జాగల ఇంకొకరు వస్తరని నువ్వే చెప్పినవు. ఇప్పుడు రారంటున్నవు.’

ప్రియ చదువరులారా, ఆ మాట నా గుండెను చీల్చినది. నేను అన్న మాట నిజమే. ఎన్ని సమాధుల యొద్ద ఎందరు తల్లులతో ఆ మాట అంటినో లెక్కయే లేదు. ఓదార్పుగానే అంటిని. ప్రయోగశాలలో నకలు పుట్టింతుమనువారు ఏమి చెప్పుచున్నారో, నేనును అదియే చెప్పితిని గదా. ఒక బిడ్డ పోయిన మరియొక బిడ్డతో లెక్క సరిపోవునన్నట్లు చెప్పితిని. నా మాట నమ్మియే ఆమె ఆడుబిడ్డకు అన్న పేరు పెట్టి పిలిచినది. ఆ బిడ్డలో కొడుకు కనబడకపోగా, దేవుడు మాట తప్పినాడని తలంచి దేవాలయము మానినది. నేను ఆమె చేతులు పట్టుకొని, ‘అది నా తప్పు బిడ్డా, దేవునిది కాదు. నన్ను క్షమించు’ అంటిని. ఆమె వెక్కివెక్కి యేడ్చినది. నేను ఓదార్చలేదు, ప్రక్కన కూర్చుంటిని.

ఆ రాత్రి నిద్రపట్టక యోబు కథ తలంచుకొంటిని. అతనికి మొదట 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు. శ్రమలు తీరిన పిమ్మట దేవుడు వాటిని రెండింతలుగా 14,000 గొఱ్ఱెలు, 6,000 ఒంటెలు చేసెను. బిడ్డలను మాత్రము రెండింతలు చేయలేదు. మొదట ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు; తరువాతను అంతమందియే. ఎందుకనగా పోయిన గొఱ్ఱెలు పోయినవే గాని, చనిపోయిన బిడ్డలు పోలేదు. వారు దేవుని యొద్ద నున్నారు. రెండు లెక్కలును కలిపిన యోబుకు ఇరువదిమంది బిడ్డలు. దావీదు రాజు కూడ, చనిపోయిన పసివాడు తిరిగి రాడనియు, తానే ఒకనాడు వాని యొద్దకు పోవుదుననియు ఎరిగినవాడు. ఆ పిమ్మట పుట్టిన కుమారునికి సొలోమోను అని వేరు పేరు పెట్టబడెను. వాడు ఎవరి స్థానములోను రాలేదు, తన స్థానములోనే వచ్చెను.

మరియొక మాట కూడ చెప్పవలెను. ఎప్పుడైనను ఎవరైనను ఈ తప్పుత్రోవను ఒక శిశువును పుట్టించిన యెడల, ఆ శిశువును మనము అసహ్యించుకొనరాదు. తప్పు చేసినవారిదే గాని పుట్టినవారిది కాదు. వానికిని ఆత్మనిచ్చువాడు సర్వేశ్వరుడే. వానికిని మనకువలెనే జ్ఞానస్నానము, సొంత పేరు, తల్లి ఒడి కావలెను.

మరునాడు ఉదయము నేను లేచుసరికి నా మేనకోడలు కొడుకు చొక్కాలను మడిచి పెట్టెలో పెట్టుచుండెను. పాలపన్నును వాటి నడుమ నుంచినది. దానిని పారవేయుమని నేను చెప్పలేదు. తల్లి దాచుకొనుటలో తప్పేమున్నది? తరువాత పాపకు స్నానము చేయించి గౌను తొడిగి, జ్ఞానస్నానమున పెట్టిన పేరుతో పిలిచినది. ఆ పేరు అలవాటు లేక పాప పలుకలేదు. తల్లి మరల పిలిచినది. మూడవసారి పిలువగా పాప తల త్రిప్పి చూచినది. అప్పుడు ఆ తల్లి, వెదకుట మాని, బిడ్డ ముఖమును నిలిచి చూచినది.

ప్రియ సోదర సోదరీమణులారా, ప్రయోగశాలలు మన పల్లెలకు దూరము. కాని ఒకరి స్థానములో మరియొకరిని నిలుపు తప్పు మన యిండ్లలోనే జరుగుచున్నది. చనిపోయిన అన్న వలె చదువుమని తమ్ముని కొట్టుచున్నాము. కొడుకును కోరి, పుట్టిన కూతురిని చిన్నబుచ్చుచున్నాము. బిడ్డ పోయిన తల్లితో, ఇంకొకరు పుట్టుదురులే యని తేలికగా అనుచున్నాము. ఇకమీదట అట్టి యింటికి పోయినప్పుడు ఆ మాట అనవద్దు. ఆ బిడ్డ పేరు పలికి, ఆ తల్లితో కూడ కూర్చుండి ప్రార్థింపుడు. ఆ పేరు సర్వేశ్వరుడు మరువలేదు. ఆయన యొద్ద ఎవరి స్థానము వారికి ఉన్నది.