పళ్ల సంగతి ఎట్లా అడగాలి?

ఈ ఏడు మా క్లాసువాళ్లం బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురంలో తాగేనీళ్ల గురించి సర్వే చేయాలనుకున్నాం. మా జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు, ఎక్కువగా బోరునీళ్లే. చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చిన్నప్పటినుంచి ఆ నీళ్లే తాగితే పళ్లమీద గోధుమరంగు మరకలు పడతాయి, ఎంత తోమినా పోవు.

నాకూ ఉన్నాయి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. మా అవ్వేమో "మన వంశమే అంత లేవే" అంటుంది. సరిగ్గా తోమకనే అనేవాళ్లు కొందరు. నీళ్లు కాచి తాగితే చాలని ఇంకొందరు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువవుతుంది.

"మీ ఇంట్లో ఎవరికి గారపళ్లు?" అని అడిగితే ఎవరూ నోరు తెరవరు. అందుకే మొదటి ప్రశ్న ఇట్లా పెట్టాం: "ఫిల్టర్ నీళ్లు తాగడానికేనా, అన్నం, పప్పు వండడానికి కూడా వాడతారా?" దీనికి జవాబు వంటచేసేవాళ్లే చెప్పాలి. పగలు తోటల్లో ఉంటారు కాబట్టి సాయంత్రం పోవాలి. ఫారం తెలుగులో, కన్నడలో రెండిట్లోనూ రాస్తున్నాం.

పేర్లు రాయొద్దని అందరం ఒప్పుకున్నాం. పెళ్లి చూపులు జరిగే అక్కలున్న ఇండ్లలో పళ్ల మాట ఎత్తాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తెగలేదు.