ఖుదాబక్ష్ గడపలో

దానాపూర్‌లో రైలు దిగి ఆటోలు మారుతూ పట్నా అశోక్ రాజ్‌పథ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దాసుపత్రి రద్దీ, మందుల దుకాణాలు, ఆ వెనక గంగ. ఆ సందడి మధ్యనే ఖుదాబక్ష్ ఓరియంటల్ పబ్లిక్ లైబ్రరీ ఉంది.

కర్నూలు నుంచి ఇంత దూరం నన్ను రప్పించినవి నాన్న వదిలివెళ్లిన పుస్తకాలు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, కొన్ని తెలుగు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మా పాతబస్తీని ముంచినప్పుడు అటక మీదున్నవి దక్కాయి, కింది అరల్లోవి చాలామటుకు పోయాయి. మిగిలినవాటితో పేటలో చిన్న ఇస్లామీ గ్రంథాలయం పెట్టాలని మిత్రులం అనుకున్నాం. పెట్టేముందు ఈ చోటు చూడాలనిపించింది. ఎందుకంటే ఇదీ ఒక తండ్రి కొడుక్కి అప్పగించిపోయిన పనే.

ముహమ్మద్ బక్ష్ పోతూపోతూ సుమారు 1,400 రాతప్రతులు కొడుకు చేతిలో పెట్టి, వీటిని పెంచి జనానికి అందేలా చెయ్యమన్నారు. కొడుకు ఖుదాబక్ష్ వకీలు. సంపాదనంతా ఇందులోనే పోశారు. ముహమ్మద్ మక్కీ అనే అరబ్బును నెలకు 50 రూపాయల జీతం మీద పెట్టుకుంటే, ఆయన 18 ఏళ్లు అరబ్బు దేశాలు గాలించి రాతప్రతులు పంపాడు. 1891లో దాదాపు 4,000 రాతప్రతులతో తలుపులు తెరిచారు. ఆ తర్వాతే ఖుదాబక్ష్ హైదరాబాదు వచ్చి నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా కొన్నేళ్లు పనిచేశారు. ఆయన సమాధి గ్రంథాలయ ఆవరణలోనే ఉంది. అక్కడ నిలబడి ఫాతిహా చదువుకున్నాను.

తైమూరు వంశ చరిత్ర చెప్పే ‘తారీఖె ఖాన్‌దానె తైమూరియా’ లాంటి అరుదైన ప్రతులకు ఈ లైబ్రరీ పేరుమోసింది. వాటి వైభవం సరే, నా మనసు మాత్రం మరమ్మతు చేసేవాళ్ల బల్ల దగ్గరే ఆగిపోయింది. వరదలో తడిసి అట్టకట్టిన మా తఫ్సీరు (ఖురాన్ వ్యాఖ్యానం) ఒకటి సంచిలో తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. పలచటి బద్దను ఒక మూల నుంచి పేజీల మధ్యకు జొనిపి, ఊపిరి బిగబట్టి, బియ్యపుగింజంత మేర జరిపారు. కాగితం విడివడింది, సిరా చెదరలేదు. “తొందర వద్దు భాయ్‌సాబ్. టేపు అంటించొద్దు, ప్లాస్టిక్ తొడుగు వేయించొద్దు. బీరువా గోడకు ఆనించొద్దు, గాలి ఆడాలి” అన్నారు. అదంతా పొల్లుపోకుండా రాసుకున్నాను.

మా గ్రంథాలయంలో అరల అమరిక నన్ను చాన్నాళ్లుగా వేధిస్తున్న సంగతి. గ్రంథాలయాల్లో వాడే డ్యూయీ పద్ధతిలో ఇస్లాం మొత్తం 297 అనే ఒక్క నంబరు కింద సర్దుకోవాలి. క్రైస్తవానికేమో 220 నుంచి 280ల చివరిదాకా విశాలంగా చోటుంది. అన్నీ ఇస్లాం పుస్తకాలే ఉన్న గదిలో ప్రతి అట్ట మీదా 297 అని రాస్తే వెతికేవాడికి ఏం లాభం? మదరసాల్లో తరతరాలుగా నడిచే విభజనే మాకు మేలు: తఫ్సీరు, హదీసు (ప్రవక్త వచనాలు), ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం), సీరత్ (ప్రవక్త జీవితచరిత్ర), తసవ్వుఫ్ (సూఫీ మార్గం). ఖురాన్ ప్రతులు అన్నింటికన్నా పై అరలో.

తిరుగు రైల్లో నిర్ణయాలు కుదుటపడ్డాయి. గది మేడ మీదే ఉండాలి; తుంగభద్రను నమ్మలేం. పుస్తకాలు ట్రస్టు పేర రిజిస్టరు కావాలి, అన్నదమ్ములం రేపు పంచుకునే వీల్లేకుండా. ఖుదాబక్ష్ తన సొత్తును జనానికి రాసిచ్చేశారు కాబట్టే నేను ఆ గడప తొక్కగలిగాను. 1969లో పార్లమెంటు ఆ గ్రంథాలయాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటిస్తూ చట్టం చేసింది.

ఇక మేము సేకరించవలసినవి పట్నాలో దొరకవు. చిలుకూరి నారాయణరావు గారి తెలుగు ఖురాను పాత ముద్రణ, ‘గీటురాయి’ వారపత్రిక వెనకటి సంచికలు, సీమ పల్లెల్లో పీర్ల పండక్కి పాడే పాటలు, ఉరుసు కరపత్రాలు. పెద్ద గ్రంథాలయాలు పట్టించుకోని ఈ కాగితాలే మా గదికి ప్రాణం అని నా నమ్మకం. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసు కరపత్రాలు కొన్ని నాన్న పెట్టెలోనే ఉన్నాయి. రిజిస్టరులో మొదటి నంబర్లు వాటికే వేస్తాం.