శుక్రవారం ఎందుకు పైకి లేచింది

దీపావళి వెళ్ళిందంటే నాందేడ్ డిజైనింగ్ షాపులకు క్యాలెండర్ల కాలం. ఎన్నికలుంటే ఫ్లెక్సీలు, ముహూర్తాలుంటే పెళ్ళిపత్రికలు, ఏవీ లేకపోతే బండ్లకు రేడియం స్టిక్కర్లు. ఈ రెండు నెలలు మాత్రం కిరాణా కొట్లు, బంగారం షాపులు, విత్తనాల డీలర్లు కొత్త సంవత్సరానికి పంచే క్యాలెండర్లదే పని. వజీరాబాద్ బజారులో మేడమెట్ల పక్కన ఇరుక్కుని ఉన్న అలాంటి షాపు ఒకటి చూడటానికి వెళ్ళాను. అక్కడ తెలుగు క్యాలెండర్ తయారవుతోందని విన్నాను మరి.

మహారాష్ట్రలో తెలుగు క్యాలెండర్ ఎవరికని అడిగేవాళ్ళు బాసర దాటాక ధర్మాబాద్‌లో రైలు దిగి చూడాలి. మిర్చికి పేరుమోసిన ఆ ఊళ్ళో తెలుగు, మరాఠీ రెండూ బజారు భాషలే. దెగ్లూర్, బిలోలి, కిన్వట్ వైపూ అంతే. 1956 నవంబరు 1 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రం. భాషల లెక్కన హద్దు గీసినప్పుడు జనం ఆ గీతకు సరిగ్గా అటూ ఇటూ సర్దుకోలేదు. తిథులకైతే ఆ హద్దుతో పనే లేదు. మరాఠీవాళ్ళవీ మనవీ అమావాస్యతో ముగిసే నెలలే, ఇద్దరిదీ శాలివాహన శకమే, వాళ్ళ గుడిపాడ్వా రోజే మన ఉగాది. మరాఠీ క్యాలెండర్ ఫైలు చేతిలో ఉంటే లిపి మార్చి తెలుగుది తీయడం పెద్ద పని కాదని ఎవరైనా అనుకుంటారు. ఆ షాపు యజమాని కూతురు మొదట అలాగే అనుకుందట.

ఆ అమ్మాయి చదువంతా మరాఠీ మీడియంలోనే సాగింది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది కాని అక్షరం చదవలేదు. చదవనక్కర్లేదు కూడా. నిజామాబాద్‌లో ఎవరో అనూ ఫాంట్లతో టైపు చేసి, కర్వ్స్‌లోకి మార్చి పంపిన ఫైలు అది. కర్వ్స్‌లోకి మారాక అక్షరం అక్షరం కాదు, గీతలతో చుట్టిన బొమ్మ. ఫాంటు లేని కంప్యూటర్లో కూడా చెక్కుచెదరదు కాబట్టి ప్రెస్సులవాళ్ళు అలాగే అడుగుతారు. ఆమె కోరల్‌డ్రాలో ఆ బొమ్మల్ని వరసలో పేరుస్తుంది, అంతే.

నేను వెళ్ళేసరికి జనవరి పేజీ మీద ఉంది. పైన ఏడు వారాలు: ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. ఏడింటినీ కలిపి సెలెక్ట్ చేసి ‘ఈ’ కీ నొక్కింది. అన్నిటి మధ్యభాగాలూ ఒకే అడ్డగీత మీదికి వచ్చాయి. వచ్చాయని సాఫ్ట్‌వేర్ అంటుంది. కంటికి మాత్రం శుక్రవారం ఒక్కటే వరసలోంచి పైకి లేచి నిలబడింది.

కారణం క్రావడి. సాఫ్ట్‌వేర్‌కు అక్షరం కనబడదు. అక్షరాన్ని చుట్టుముట్టే డబ్బా కనబడుతుంది. ‘క్ర’ కింద వేలాడే ఒత్తుతో కలిపితే ఆ డబ్బా మిగతావాటికంటే పొడుగు. పొడుగు డబ్బా మధ్యను మిగతా డబ్బాల మధ్యతో కలిపితే, ఒత్తు కిందికి దిగినంతలో సగం మేర తల పైకి పోవాల్సిందే. అడుగులు కలిపే ‘బీ’ నొక్కి చూపించింది. ఇంకా అన్యాయం. ఇప్పుడు ఒత్తు చివర మిగతావాటి అడుగుతో సమానమై, శుక్రవారం ఏకంగా గాల్లోకి ఎగిరింది. ‘టీ’ నొక్కితే తలలు కలుస్తాయి కాని, ‘ది’, ‘ని’ల మీది గుడి తలకట్టుకంటే ఎత్తు గనక ఆదివారం, శనివారం కిందికి కుంగుతాయి.

అక్షరాలు టైపు రూపంలోనే ఉంటే దీనికి మందు ఉంది. డబ్బాను చూడకుండా అక్షరాలు కూర్చునే గీతను చూసి కలపమని కోరల్‌డ్రాకు చెప్పవచ్చు. కర్వ్స్ అయ్యాక ఆ గీత మాయమవుతుంది. అప్పుడు స్కేలు మీదినుంచి ఒక గైడ్‌లైన్ లాగి, ఒత్తుల్ని వదిలేసి అక్షరాల పొట్టలు ఆ గీతకు తాకేలా ఒక్కొక్కదాన్నీ చేత్తో దింపాలి. ఆమె చేసేది అదే. మౌస్‌తో కాదు, బాణం కీలతో.

“చదవడం రాకపాయె గని ఎక్కడ ఎత్తయిందో నాకంటె ముందు దానికే కండ్ల వడ్తది సార్,” అన్నాడు తండ్రి. చదివేవాడి కన్ను అర్థం వైపు పరిగెడుతుంది, ఆమె కన్ను ఆకారం దగ్గరే ఆగుతుంది. అయితే ఆ కన్నుకు కాపలా కూడా కావాలి. వరస కుదరడం లేదని ఒకసారి ఆమె ఆ క్రావడినే ఎత్తి అక్షరం పక్కన అతికించేసిందట. “ఒత్తు జరిపితె అది శుక్రారమెట్లైతది బిడ్డా అన్న. మళ్ల ముట్టలె.” ఆమె నవ్వుతూ, “మరాఠీలనైతె గీ లొల్లి లేదు గదా బాబా,” అంది.

ఉంది నిజానికి. మరాఠీ బుధ, గురు, శుక్రలకు కింద ఉకారం వేలాడుతుంది, రవి, శనిలకు తలగీత మీద ఇకారం లేస్తుంది. కాని దేవనాగరికి ఆ తలగీత ఉండటం గొప్ప వరం. దండెం మీద బట్టల్లా అక్షరాలన్నీ దానికి వేలాడతాయి కాబట్టి, గీతలు కలిస్తే చాలు, కింది ఎచ్చుతగ్గుల్ని కన్ను క్షమిస్తుంది. గురుద్వారా వైపు నుంచి వచ్చే గురుముఖి పనికీ అదే సౌకర్యం. ఉర్దూ సంగతి వేరు. ఇన్‌పేజ్‌లో టైపు చేసి తెచ్చే నస్తాలీఖ్ అక్షరాలు కుడి పైనుంచి ఎడమ కిందికి ఏటవాలుగా జారుతాయి. దాన్ని ఏ గీత మీద కూర్చోబెట్టాలి? హజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్న ఊరు, నిజాం పాలన చూసిన ఊరు, తెలంగాణ పొలిమేర. ఈ నాలుగు లిపులూ ఒకే బోర్డు మీద కావాలనే గిరాకీ ఇక్కడ అరుదేం కాదు. అలాంటి బోర్డుకు అలైన్ బటన్ నొక్కి ఊరుకున్న షాపేదో, దగ్గర కూర్చుని దిద్దిన షాపేదో వీధిలో నడుస్తూనే చెప్పేయవచ్చు.

ఎత్తుల గొడవ తీరాక ఎడాల గొడవ మొదలైంది. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పేజీలో గళ్ళ వెడల్పు 210 మిల్లీమీటర్లు, వారాలు ఏడు, కాబట్టి ఒక్కో గడి 30. ఏడు పేర్ల వెడల్పులూ కలిపితే 126 అయింది. మిగిలిన 84ను మధ్యలో ఉన్న ఆరు సందులకు పంచితే తలా 14. షిఫ్ట్ పట్టుకుని ‘పీ’ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కంతా క్షణంలో చేసి సందుల్ని సమానం చేసింది. వరస చూడముచ్చటగా ఉంది. కింద తేదీలు తెచ్చి పెట్టగానే బండారం బయటపడింది. మంగళ 28 మిల్లీమీటర్లు, శని 14. మంగళ ఎక్కువ చోటు తినేయడంతో బుధ తన అంకెల నడుమనుంచి 9 మిల్లీమీటర్లు కుడికి జరిగింది. గురు, శుక్ర అదే దారి. బుధవారం తేదీ ఏదో గురువారం తేదీ ఏదో చూసేవాడు తడుముకోవాల్సిందే.

క్యాలెండర్‌కు కావలసింది సమాన సందులు కాదు, సమాన దూరంలో నడుములు. దానికి షిఫ్ట్ పట్టుకుని ‘ఈ’. అదీ రెండు కొసల పేర్లను ముందు వాటి గళ్ళ నడుమ కూర్చోబెట్టాకే, ఎందుకంటే ఈ ఆజ్ఞ కొసల్ని కదపదు, మధ్యవాటినే సర్దుతుంది. అదే పెళ్ళిపత్రిక అడుగున అన్నదమ్ముల పేర్లు ఒకే వరసలో రావాలంటే సందుల లెక్కే సరి. నడుముల లెక్క పెడితే పొడుగు పేర్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, పొట్టి పేర్ల మధ్య ఖాళీ పడుతుంది.

తండ్రి పాతకాలపు పెయింటర్. వాళ్ళ తాతముత్తాతలది మగ్గం పని. ఈయన కుంచె పట్టాడు. సుద్ద పూసిన దారాన్ని గోడకు ఇద్దరు అటూ ఇటూ లాగిపట్టి, మధ్యలో చిటుక్కున వదిలితే పడే గీతే ఆయనకు గైడ్‌లైన్. దుకాణం పేరు నడుమకు రావాలంటే అక్షరాలు లెక్కపెట్టి, మధ్య అక్షరంతో మొదలుపెట్టి, ఒకసారి కుడికి ఒకసారి ఎడమకు రాసుకుంటూ పోయేవాడట. అన్ని అక్షరాలూ ఒకటిగా లెక్కించడు. ‘ర’, ‘గ’ ముప్పావు. ‘ఘ’, ‘య’ ఒకటిన్నర. ఒత్తులకు లెక్క లేదు, వాటి చోటు కింద ఎలాగూ ఉంది. కోరల్‌డ్రా మొదటి వెర్షన్ 1989లో వచ్చింది. అప్పటినుంచి అది నేర్చుకోని సంగతి ఆ చివరి మాటే.

బల్ల కింద పంద్రాగస్టు కోసం చేసిన స్టిక్కర్ల ముక్కలు ఇంకా పడి ఉన్నాయి. జాతీయ జెండాలు తయారుచేసే మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ సమితి ఈ ఊరిదే. అక్కడి జెండా కొలతలన్నీ ప్రమాణాల ప్రకారం: 6300 మిల్లీమీటర్ల పొడవున్న అతిపెద్ద జెండాకు చక్రం అడ్డుకొలత 1295, చిన్న 150 మిల్లీమీటర్ల జెండాకు 25. షాపుల్లో చేసే స్టిక్కర్లకు అంత పట్టింపు ఉండదు కాని ఆకులు తప్పితే ఎవరైనా పట్టేస్తారు. వరసలో ఏడు వస్తువులకు సందులు ఆరు. గుండ్రంగా పేరిస్తే ఇరవై నాలుగింటికీ ఇరవై నాలుగే. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఇక్కడే తికమకపడతారని ఆ అమ్మాయి చెప్పింది. ఆల్ట్‌తో ఎఫ్8 నొక్కి, తిరిగే కేంద్రాన్ని ఆకు మధ్యనుంచి చక్రం నడిబొడ్డుకు జరిపి, కోణం 15, కాపీలు 23. కాపీలకు 24 కొడితే ఒక ఆకు మీద ఇంకో ఆకు కూర్చుంటుంది. తెర మీద కనబడదు, కటింగ్ ప్లాటర్ బ్లేడు మాత్రం అదే గీత మీద రెండుసార్లు నడిచి స్టిక్కర్ చీలుస్తుంది. అంచున ఆకుల మధ్య వచ్చే చిన్న చుక్కలకు మొదటిది ఏడున్నర డిగ్రీల దగ్గర పెట్టి, మళ్ళీ 15 చొప్పున తిప్పాలి.

రేడియం పని మునుపటిలా లేదట. కారు నంబరు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, మధ్య సందు 10 ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. ఇలాంటి షాపుల్లో ఆ కొలతలు ఎవరు చూశారు కనక! 2019 ఏప్రిల్ 1 తర్వాతి బండ్లకు ప్లేటు కంపెనీనుంచే వస్తోంది. “గది పోయింది గాబట్టే క్యాలెండర్ల మీద వడ్డం,” అన్నాడు పెద్దాయన.

జనవరి పేజీ సిద్ధమై, ఫోటో తీసి, ఆ క్యాలెండర్ చేయించుకుంటున్న ధర్మాబాద్ సేటుకు వాట్సాప్‌లో పంపారు. జవాబు కాసేపటికే వచ్చింది, ఫోనులోనే. వారాల గురించి, తేదీల గురించి ఆయన ఒక్క ముక్క అడగలేదు. తన మొబైల్ నంబరు చిన్నగా ఉందట, ఇంకో రెండు వేళ్ళంత పెంచాలట. నంబరు పెరగాలంటే గళ్ళ పెట్టె ఎత్తు తగ్గాలి. ఎత్తు తగ్గితే ఒత్తుకు చోటు చాలదు. ఆ అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆయన ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, “చేస్తం సేట్, ఐతది,” అంటూనే రసీదు పుస్తకం తీసి, పన్నెండు పేజీలూ మళ్ళీ కూర్చడానికి అదనం ఎంతవుతుందో వేళ్ళ మీద లెక్కవేయడం మొదలుపెట్టాడు.